గరీబు ఫోనుకి తాళం

మా ఉర్దూ మీడియం బడిలో హిసాబ్ క్లాసు మొదలైతే ముందుగా నోట్లోంచి వచ్చే మాట సిఫర్. సున్నాకి మేం పిలిచే పేరు అది. సిఫర్, ఏక్, దో, తీన్ అంటూ ఒళ్ళు ఊపుతూ చదివేవాళ్ళం. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అదే సిఫర్ నాకు 'శూన్యం' అయింది. ఆ అరబ్బీ మాట మన దగ్గరే ఆగిపోలేదని చాలా ఏళ్ళకి తెలిసింది. అది యూరప్ వెళ్ళి లాటిన్‌లో సిఫ్రా అయింది, ఇంగ్లీషులో సైఫర్ అయింది. మొదట సున్నా, తర్వాత ఏ అంకె అయినా, ఆ తర్వాత అంకెలతో రాసిన రహస్య లిపి. ఈరోజు బ్యాంకు యాప్‌లో, వాట్సాప్‌లో, పాస్‌పోర్టు చిప్‌లో రాజ్‌ని కాపాడే లెక్కలన్నిటికీ సైఫర్ అనే పేరు. ఆ లెక్కల్ని వరసగా చేసే పద్ధతికి అల్గారిథమ్ అని పేరు. అది బగ్దాదు బైతుల్ హిక్మాలో పనిచేసిన అల్-ఖ్వారిజ్మీ పేరులోంచి వచ్చింది.

పేర్లు మనవని ఫఖర్ చేసుకుంటూ కూర్చుంటే ఫాయిదా లేదు. ఆ సైఫర్ మన ఇళ్ళలో ఉండే ఫోన్ల దాకా వచ్చిందా లేదా అన్నదే అసలు సవాల్. తెలుగులో సవాల్ అంటే పందెం, ఉర్దూలో ప్రశ్న. ఇక్కడ రెండూ సరిపోతాయి.

మా ఫుప్పూ బిడ్డ ఒకామె ఉంది. నాకన్నా పెద్దది, ఆపా అంటాను. దూల్హేభాయి దమ్మామ్‌లో డ్రైవరు. 2017లో ఆపా ఫోను బస్సులో ఎవరో కొట్టేశారు. ఐదు వేల రూపాయల ఫోను. ఐదు వేలు పోయాయని కాదు ఆమె ఏడ్చింది. "ఫోటువాం సబ్ ఉస్మేచ్ హైం రే" అంది. ఇంట్లో దుపట్టా లేకుండా బిడ్డలతో దిగిన ఫోటోలు. షాదీలో జనానా వైపు తీసుకున్న ఫోటోలు, అందులో వేరే ఇళ్ళ ఆడపిల్లలు కూడా ఉన్నారు. దూల్హేభాయి రాత్రిళ్ళు పంపిన మాటలు. ఆయన ఇఖామా, పాస్‌పోర్టు నకళ్ళు. పరాయి మగవాడి కంట పడకూడదని ఆమె ఉమ్రంతా కాచుకున్నదంతా ఇప్పుడు ఒక దొంగ జేబులో ఉంది.

ఫోనుకి ప్యాటర్న్ లాకు పెట్టుకునే ఉంది. మాకు తెలిసిన రిపేరు షాపు అబ్బాయిని అడిగాను. "ఈ రేటు ఫోన్లల్ల లాకు తలుపుకే భాయ్. లోపల సామాను మీద ఏం కప్పి ఉండదు. కేబుల్ పెట్టి మెమరీని కంప్యూటర్‌లోకి గుంజితే ప్యాటర్న్ ఎవరడుగుతరు?" అన్నాడు. మరి పెద్ద ఫోన్లకి? "వాటిల్ల లోపలిదంతా కోడ్ చేసి ఉంటది. గుంజినా చెత్త తప్ప ఏం రాదు."

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే మా భాంజాని అడిగాను, ఐదు వేల ఫోనుకి ఆ కోడ్ ఎందుకు వెయ్యరని. కంపెనీల లాలచ్ అంటాడనుకున్నాను. "స్పీడ్ సరిపోదు మామూ" అన్నాడు. ఒక్క ముక్క.

ఆపా ఫోటోలు ఎక్కడా బయటికి రాలేదు, అల్‌హమ్‌దులిల్లాహ్. దొంగ ఫోను తుడిచి అమ్మేసుకుని ఉంటాడు. కానీ ఏడాది పాటు తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఆమె చేతులు వణికేవి. ఆ వణుకుకి కారణం స్పీడ్ అంటే నాకు మింగుడుపడలేదు. ఖబర్ వెతుక్కోవడం నా పేషా కాబట్టి, దీని వెనకాల కొన్నాళ్ళు పడ్డాను. అర్థమైనంత మేర ఇక్కడ చెబుతున్నాను.

ఫోనులో సమాచారాన్ని కోడ్ చేసే పనికి ప్రపంచమంతా ఎక్కువగా వాడేది ఏఈఎస్ అనే సైఫర్. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 1997లో పోటీ ప్రకటించింది. 15 సైఫర్లు బరిలోకి వచ్చాయి. 2000లో బెల్జియం వాళ్ళిద్దరు, డామెన్, రైమెన్, చేసిన సైఫర్ గెలిచింది. 2001లో ప్రమాణం అయింది. ఎవరూ విరగ్గొట్టలేకపోవడం ఒక్కటే చూడలేదు, రకరకాల యంత్రాల మీద ఎంత వేగంగా నడుస్తుందో కూడా చూసే ఎంచారు.

అది 16 బైట్లని ఒక్కసారి తీసుకుంటుంది. వాటిని నాలుగు వరసల్లో నాలుగేసి గళ్ళుగా పేరుస్తుంది. ఒక్కో గడిలోని అంకెని వేరే అంకెతో మారుస్తుంది, వరసల్ని జరుపుతుంది, నిలువు గళ్ళని కలగలుపుతుంది, తాళంచెవిలోని ఒక ముక్కని కలుపుతుంది. ఇదొక రౌండ్. పెద్ద తాళంచెవి అయితే ఇలాంటివి 14 రౌండ్లు. ఆపా తీసుకున్న ఒక ఫోటో 30 లక్షల బైట్లు అనుకోండి. 16తో భాగిస్తే 1,87,500 ముక్కలు. ఒక్కోదానికి 14 రౌండ్లు. అంటే ఒక ఫోటో దాచడానికి 26 లక్షల రౌండ్లు. ఫోటో తెరిచి చూసుకోవాలంటే మళ్ళీ అన్ని వెనక్కి.

ఖరీదైన యంత్రాలకి ఇది తకలీఫ్ కాదు. ఇంటెల్ 2010లో తన ప్రాసెసర్లలోనే ఏఈఎస్ కోసం ప్రత్యేక ఆదేశాలు పెట్టింది. ఒక రౌండ్ మొత్తం ఒక్క ఆదేశంతో అయిపోతుంది. ఫోన్ల ప్రాసెసర్లకి నమూనాలు గీసే ఏఆర్ఎమ్ కూడా 2011లో ప్రకటించిన కొత్త తరంలో అలాంటి ఆదేశాలు చేర్చింది. కానీ అవి ఐచ్ఛికం. పెట్టుకునేవాళ్ళు పెట్టుకోవచ్చు. చవక ఫోన్లలో ఏళ్ళ తరబడి నడిచింది కార్టెక్స్-ఏ7 అనే పాత తరం ప్రాసెసర్. అందులో ఆ ఆదేశాలు లేవు. అది ప్రతి రౌండూ కూలివాడిలా చేత్తో చెయ్యాల్సిందే.

ఆండ్రాయిడ్ చేసే గూగుల్ 2015లో 6.0 వెర్షన్‌తో ఒక ఖాయిదా పెట్టింది. కొత్త ఫోన్లలో సమాచారం కోడ్ అయి ఉండాలి. అయితే ఒక మినహాయింపు: ఏఈఎస్ లెక్క సెకనుకి 50 మెగాబైట్లకన్నా నెమ్మదిగా నడిచే ఫోన్లకి ఆ షరతు లేదు. వాళ్ళ వైపు నుంచి చూస్తే అందులో న్యాయం ఉంది. బలవంతంగా పెడితే ఆ ఫోను ఫోటో తెరవడానికే ఆయాసపడుతుంది, బ్యాటరీ తాగేస్తుంది, కొన్నవాడు తిట్టుకుంటాడు. కానీ ఫలితం ఏమైంది? డబ్బున్నవాడి ఫోటోలకి ఇనప పెట్టె వచ్చింది, మా ఆపాకి తలుపు గొళ్ళెం మిగిలింది. పాత రోజుల్లో దేవిడీల గుమ్మాలకి మందపాటి మఖ్మల్ పరదాలు ఉండేవి, గరీబు ఇంటి గుమ్మానికి గోనెసంచి వేలాడేది. ఇక్కడ ఆ గోనెసంచి కూడా లేదు. ఇంత తేడా ఒక లెక్క నడిచే వేగం మీద ఆధారపడింది. సైఫర్ కోడ్‌ని వేగంగా రాయడమంటే అమీర్ల శౌఖు కాదని నాకు అప్పుడు అర్థమైంది.

మరి వేగం పెంచలేరా? పెంచడానికి ఒక పాత కిటుకు ఉంది. జవాబుల్ని ముందే లెక్కగట్టి పట్టికలు రాసి పెట్టుకోవడం. మనం పహాడే కంఠతా పట్టినట్టే. ఏడు ఎనిమిదులు ఎంతంటే కూడిక చెయ్యం, యాభై ఆరని నోరే చెబుతుంది. ఏఈఎస్‌కి కూడా అలా నాలుగు కిలోబైట్ల పట్టికలు చేసి, రౌండ్లోని పనులన్నీ వాటిలో వెతుక్కునేలా రాశారు. వేగం బాగా పెరిగింది. చాలా ఏళ్ళు లోకమంతా అలానే నడిచింది.

కానీ ఆ పట్టికల్లో ఒక చిల్లు ఉంది. కిరాణా కొట్టు ఊహించుకోండి. ఎక్కువ అమ్ముడుపోయే సామాను కౌంటరు మీదే ఉంటుంది, మిగతాది వెనక గోదాములో ఉంటుంది. అడిగింది వెంటనే ఇస్తే కౌంటరు మీదిదని, లోపలికి వెళ్ళొస్తే గోదాములోదని బయట నిలబడ్డవాడికి కూడా తెలుస్తుంది. ప్రాసెసర్లో కౌంటరు పేరు క్యాష్. పట్టికలో ఏ గడి చూడాలన్నది తాళంచెవి మీద ఆధారపడుతుంది. ఆ గడి క్యాష్‌లో ఉంటే జవాబు తొందరగా వస్తుంది, లేకపోతే ఆలస్యంగా. అంటే పట్టిన సమయంలోనే తాళంచెవి ఆనవాళ్ళు ఉన్నాయి. 2005లో అమెరికా గణితజ్ఞుడు డేనియల్ బెర్న్‌స్టైన్ కేవలం సమయాలు కొలిచి ఏఈఎస్ తాళంచెవిని బయటికి లాగి చూపించాడు. ఆ దగ్గర్లోనే ఓస్విక్, షమీర్, ట్రోమర్ అనే ముగ్గురు పరిశోధకులు లినక్స్ కంప్యూటర్‌లో డిస్కుని కాపాడే తాళంచెవిని, అదే యంత్రంలో నడిచే మరో మామూలు ప్రోగ్రాము నుంచి కనిపెట్టారు. దానికి కొలతలు తీసుకున్న సమయం 65 మిల్లీసెకన్లు. రెప్ప వేసి తెరిచేలోపు.

ఇది చదివినప్పుడు నాకు అల్-కిందీ గుర్తొచ్చాడు. తొమ్మిదో శతాబ్దం, బగ్దాదు. రహస్య లిపిని ఛేదించడం మీద ఆయన రాసిన రిసాలా ఇస్తాంబుల్‌లోని సులేమానియా కుతుబ్‌ఖానాలో దొరికింది. ఆయన చెప్పిన తరీఖా సాదాగా ఉంటుంది. ఒక భాషలో ఏ హర్ఫ్ ఎక్కువసార్లు వస్తుందో లెక్కపెట్టు. రహస్య లిపిలో ఏ గుర్తు ఎక్కువసార్లు వస్తుందో లెక్కపెట్టు. రెండిటినీ పక్కపక్కన పెట్టు. తాళం మీద సుత్తి పడలేదు, ఊరికే లెక్కపెట్టాడు, తాళం ఊడింది. వెయ్యేళ్ళు దాటాక బెర్న్‌స్టైన్ చేసిందీ అదే. ఈయన హర్ఫ్‌లు లెక్కపెట్టాడు, ఆయన క్షణాలు లెక్కపెట్టాడు. దాచేవాడు దేన్ని పట్టించుకోలేదో, వెతికేవాడు దాన్నే చూస్తాడు.

అందుకే సైఫర్ కోడ్‌ని వేగంగా రాయడం మామూలు ప్రోగ్రాముని వేగంగా రాయడం లాంటిది కాదు. మామూలు ప్రోగ్రాములో తేలిక పని వస్తే తొందరగా ముగించడం తెలివి. ఇక్కడ అదే ఐబ్. తాళంచెవి ఏదైనా, దాచేది ఏదైనా, పట్టే సమయం ఒక్కటే ఉండాలి. రాజ్ మీద ఆధారపడి 'ఇలా అయితే ఇటు వెళ్ళు' అనే మలుపు ఉండకూడదు, రాజ్ చెప్పిన గడిలో వెతకడం ఉండకూడదు. దీన్ని కాన్‌స్టంట్ టైమ్ అంటారు. ఎవరేం అడిగినా మొహంలో రంగు మారని మనిషి లాంటిది. అమానత్ దాచినవాడికి ఉండాల్సిన గుణం అది. పట్టికలు తీసేసి ఏఈఎస్‌ని ఇలా రాయడం సాధ్యమే. కానీ కార్టెక్స్-ఏ7 లాంటి దాని మీద మళ్ళీ భారం.

చిల్లు చూపించిన బెర్న్‌స్టైనే 2008లో ఛాఛా అనే సైఫర్ ఇచ్చాడు. ఇందులో పట్టికలే లేవు. మూడే పనులు. రెండు అంకెల్ని కూడటం. ఒక అంకెలోని బిట్లని చక్రంలా తిప్పడం. రెండు అంకెల్ని బిట్ బిట్‌గా పోల్చి, ఒకేలా ఉంటే సిఫర్, వేరుగా ఉంటే ఏక్ వేయడం. ఈ మూడూ ఎంత చవక ప్రాసెసర్‌కైనా పుట్టుకతో వచ్చిన పనులు. ఏ అంకె వచ్చినా ఒకే సమయం పడుతుంది. పైగా ఒకే పని నాలుగు అంకెల మీద ఒకేసారి చేసే వీలు చవక ఫోన్లలో కూడా ఉంటుంది, ఛాఛా దానికి చక్కగా కుదురుతుంది. దావత్‌లో బావర్చీ నాలుగు దేగ్‌లు ఒకేసారి ఎక్కించి, ఒక్క చుట్టు తిరిగేసరికి నాలుగింటిలోనూ గరిటె తిప్పినట్టు. ఏఈఎస్ ఆదేశాలు లేని యంత్రాల మీద ఇది మూడు రెట్లు వేగంగా నడుస్తోందని 2014లో గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్ అనుభవంతో చెప్పింది. సైట్లతో మాట్లాడేటప్పుడు చవక ఫోన్లకి రాహత్ దొరికింది.

అయినా ఫోను లోపల దాచే పనికి దీన్ని ఉన్నదున్నట్టు వాడలేరు. ఛాఛా ఒక రహస్య అంకెల ధార పుట్టించి దాన్ని మన సమాచారంతో కలుపుతుంది. ఆ ధారని రెండోసారి వాడకూడదు, వాడితే రెండు కాగితాలూ ఒకదాన్నొకటి బయటపెడతాయి. ప్రతిసారీ కొత్త ధార కావాలంటే ఒక కొత్త గుర్తు ఎక్కడో రాసి పెట్టుకోవాలి. కానీ ఫోను మెమరీలో ఒక గది 4,096 బైట్లు అంటే అంతే. లోపలికి 4,096, బయటికి 4,096. గుర్తు రాసుకోవడానికి ఒక్క బైటు జాగా లేదు. అదే గదిలో ఈరోజు ఒకటి, రేపు ఇంకొకటి రాస్తూ ఉంటాం.

దీనికి మొదట గూగుల్ వెతుక్కున్న దారి స్పెక్ అనే సైఫర్. చిన్న ప్రాసెసర్ల మీద చాలా వేగంగా నడుస్తుంది. 2018లో లినక్స్‌లో చేర్చారు కూడా. కానీ దాన్ని తయారు చేసింది అమెరికా గూఢచారి సంస్థ ఎన్ఎస్ఏ. చోరీలు చేసేవాడి చేత ఇంటికి తాళం చేయించుకుంటారా అని చాలామంది నిపుణులు ఎదురు తిరిగారు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ కూడా దాన్ని ఒప్పుకోలేదు. గూగుల్ వెనక్కి తగ్గింది, లినక్స్‌లోంచి తీసేశారు. వేగం ఉంది, భరోసా లేదు. భరోసా లేని తాళం ఎంత నున్నగా తిరిగితే ఏం?

అప్పుడు గూగుల్‌లోని పాల్ క్రౌలీ, ఎరిక్ బిగర్స్ అనే ఇద్దరు ఇంకో దారి తీశారు. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. పేరు అడియాంటమ్. అది ఒక మొక్క పేరు. యునానీ దవాఖానాల్లో దగ్గుకి ఇచ్చే పర్సియావషాన్ ఆ జాతిదే. పద్ధతి ఇలా ఉంటుంది. 4,096 బైట్ల గదిలో చివరి 16 బైట్లని పక్కన పెడతారు. మిగతా పెద్ద ముక్క అంతా కలిపి ఒక చిన్న నిచోడ్ తీసి, దాన్ని ఆ 16 బైట్లకి కలుపుతారు. ఆ 16కి మాత్రం ఒకే ఒక్కసారి ఏఈఎస్. అందులోంచి వచ్చినదాన్నే ఛాఛాకి కొత్త గుర్తుగా ఇచ్చి పెద్ద ముక్కని కోడ్ చేస్తారు. చివర్లో మళ్ళీ ఒక నిచోడ్ తీసి ఆ 16 బైట్లలోంచి తీసేస్తారు. గుర్తు రాసుకోవడానికి వేరే జాగా అక్కర్లేదు, గదిలో ఉన్నదానిలోంచే పుడుతుంది. ఒక్క బిట్ మారినా గది మొత్తం మారిపోతుంది. అంతకుముందు ఒక గదికి 256 సార్లు చేసే ఏఈఎస్ ఇప్పుడు ఒక్కసారి.

దీని వేగం కార్టెక్స్-ఏ7 మీద బైటుకి 10.6 సైకిళ్ళు. సైకిల్ అంటే ప్రాసెసర్ గుండె ఒకసారి కొట్టుకోవడం. ఏఈఎస్‌కన్నా దాదాపు ఐదు రెట్లు వేగం. ఆ గుండె సెకనుకి 120 కోట్ల సార్లు కొట్టుకునే ఫోను అనుకుని మనమే హిసాబ్ చేద్దాం. ఏఈఎస్‌తో ఒక కోర్ మీద సెకనుకి రెండు కోట్ల పైచిలుకు బైట్లు, అడియాంటమ్‌తో 11 కోట్ల పైచిలుకు. మినహాయింపు గీత ఐదు కోట్ల దగ్గర ఉంది. ఆపా ఫోను లాంటివి ఆ గీతకి కింద ఎందుకు మిగిలాయో, ఇప్పుడు పైకి ఎలా వచ్చాయో ఈ మూడు అంకెల్లో కనిపిస్తుంది.

ఇందులో ఒక మాట నన్ను ఆపింది. మామూలు ఛాఛా 20 రౌండ్లు. అడియాంటమ్‌లో వాడింది 12 రౌండ్లది. వేగం కోసం ఎనిమిది రౌండ్లు తగ్గించారు. గరీబువాడి దగ్గరికి వచ్చేసరికి తూకంలో కోత పెట్టారా? తూకంలో దగా చేసేవాళ్ళ గురించి ముతఫ్ఫిఫీన్ అని ఒక సూరానే ఉంది కదా, ఆ షక్ నాకు రావడం సహజం. చదివితే తేలింది ఏంటంటే, అది తయారైన నాటికి ఎంత పెద్ద నిపుణులైనా ఛాఛా మీద కాగితం మీద చేసిన దాడి ఏడు రౌండ్ల దాకానే వెళ్ళింది. 12 అంటే ఇంకా ఐదు రౌండ్ల గోడ ఉంది. పైగా ఎన్ని రౌండ్లో, ఎందుకో దాచకుండా రాసి అందరి ముందూ పెట్టారు, తప్పుంటే చూపించమన్నారు. దగా చేసేవాడు తూకపురాళ్ళు చూపించడు.

2019లోనే వచ్చిన ఆండ్రాయిడ్ 10తో ఆ మినహాయింపు పోయింది. ఆ వెర్షన్‌తో కొత్తగా బజారుకి వచ్చే ఏ ఫోనైనా, ఎంత చవకదైనా, సమాచారం కోడ్ అయి ఉండాల్సిందే. ఆ ఖాయిదా రాయడానికి ధైర్యం ఇచ్చింది ఒక ఉపన్యాసమో, ఉద్యమమో కాదు. బైటుకి యాభై చిల్లర సైకిళ్ళని పదిన్నరకి తెచ్చిన మెహనత్. ఆ ఇద్దరికీ మా ఆపా ఎవరో తెలియదు. ఆమె కొత్త ఫోను కొన్నప్పుడు అందులో ఈ తాళం ఉందని ఆమెకీ తెలియదు. నేను చెబితే, "తో అబ్ డర్ నై నా?" అని ఒక్క సవాల్ వేసింది.

ఆ సవాల్‌కి ఇచ్చిన జవాబే మీకూ చెబుతాను. డర్ తగ్గింది, పూర్తిగా పోలేదు. ఈ సైఫర్ కాపాడేది తాళం వేసి ఉన్న ఫోనుని. లాకే పెట్టకపోతే లోపల ఎంత గట్టి లెక్క నడిచినా వ్యర్థం. 1234, పెద్దబిడ్డ పుట్టిన సంవత్సరం లాంటివి లాకులు కావు, కనీసం ఆరు అంకెలు పెట్టుకోండి. తెరిచిన ఫోనుని ఎవరి చేతికిచ్చినా అన్నీ ఇచ్చినట్టే. రిపేరుకి ఇచ్చేముందు మెమరీ కార్డు తీసేసుకోండి, లాకు నంబరు చెప్పమంటే ఎందుకని అడగండి. మెమరీ కార్డు మీద ఉన్న ఫోటోలకి ఫోను లోపలి తాళం చాలాసార్లు వర్తించదు. 2019కి ముందు కొన్న చవక ఫోను ఇంకా నానీమా దగ్గరో, పిల్లల చదువులకో వాడుతుంటే, సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద ఎన్‌క్రిప్షన్ అనే చోట చూడండి. ఎన్‌క్రిప్టెడ్ అని లేకపోతే అందులోని జనానా ఫోటోలు, ఆధార్, ఇఖామా కాగితాలు తీసేసి వేరే చోట పెట్టుకోండి.

మన ఇళ్ళలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ళకొక మాట. కోడ్ వేగంగా నడిపించడమంటే కంపెనీ ఖర్చు తగ్గించడం, ఇంటర్వ్యూలో మార్కులు తెచ్చుకోవడం అని మీకు నేర్పుతున్నారు. మీరు తగ్గించే ఒక్కో సైకిల్‌తో ఐదు వేల ఫోనులో ఒక తాళం పట్టేంత జాగా దొరకొచ్చు. బేటా, రాసేటప్పుడు అత్యంత చవక ఫోను ఒకటి బల్ల మీద పెట్టుకుని దాని మీదే నడిపించి చూడండి.